అరగంట నడకకు అంత సంచా?

సియాటిల్‌లోని మన తెలుగు సంఘం జనవరి స్నో పిక్నిక్ సంగతి ఈపాటికి అందరికీ తెలిసిందే. పొద్దున 9కి బయల్దేరాల్సిన బండ్లు 11 దాటాక కదిలాయి. సియాటిల్‌కు తూర్పున కొండల మీదున్న కనుమ స్నోక్వాల్మీ పాస్‌లో పార్కింగ్ దొరికి, ట్రేలు దించి, బిర్యానీ వడ్డించేసరికి 2 అయింది. "కాస్త అలా నడిచొద్దాం" అని చెట్లలోకి వెళ్ళిన నాలుగు కుటుంబాల్లో ఒకావిడ కాలు బెణికింది. చీకటి పడ్డాక, మోకాళ్ళ దాకా తడిసిన జీన్స్‌తో, ఫోన్ల వెలుగులో, స్నోషూలతో (మంచులో కాలు దిగబడకుండా బూట్లకు కట్టుకునే వెడల్పాటి పలకలు) దిగొస్తున్న ఎవరో తెలియని జంట ఆసరా ఇస్తే బండ్ల దగ్గరికి చేరారు. అందరూ క్షేమమే. మనసు చివుక్కుమన్నది అందుకు కాదు. మర్నాడు వాట్సాప్ గ్రూపులో ఒకరు "వచ్చేసారికి ఎమర్జెన్సీ సంచి ఒకటి పెట్టుకుందామండీ" అంటే, "అరగంట నడకకు అంత సంచా? ఎవరెస్టెక్కుతున్నామా ఏంటి?" అని జవాబొచ్చింది. దాని కింద వరసగా నవ్వు బొమ్మలు.

నవ్వినవాళ్ళని తప్పుపట్టను. నడిచేవాడి లెక్కలో ఆ సంచి నిజంగానే దండగ. నడుస్తున్నంతసేపూ ఒళ్ళే కుంపటి. పల్చటి జాకెట్ కూడా ఉక్కపోస్తుంది. కాలు బెణికి కూర్చున్న పది నిమిషాలకు లెక్క తిరగబడుతుంది. చెమట పట్టిన బనీను చల్లబడుతుంది, కింద మంచు, పైన సన్నటి వాన. అత్యవసర నంబరు 911కి ఫోన్ చేస్తే విషయం కౌంటీ షెరిఫ్‌కు వెళ్తుంది, వాళ్ళు వెతికి కాపాడే సెర్చ్ అండ్ రెస్క్యూ వాలంటీర్లను పిలుస్తారు. ఆ వాలంటీర్లు ఇళ్ళనుంచీ ఆఫీసులనుంచీ బయల్దేరి, ఐ-90 హైవే ఎక్కి, పాస్‌కు చేరి, స్ట్రెచర్ మోసుకుంటూ నడిచి రావాలి. రోడ్డుకి మైలు దూరంలో ఉన్నా గంటలు పడుతుంది. కాబట్టి ఏది కొన్నా ఒకటే చూసుకోవాలి: సున్నా డిగ్రీల సెల్సియస్‌లో, తడిలో, నాలుగైదు గంటలు కదలకుండా కూర్చున్న మనిషికి ఇది పనికొస్తుందా, లేదా?

1906లో ఈ సియాటిల్‌లోనే పుట్టిన మౌంటెనీర్స్ అనే పర్వతారోహణ సంస్థ 1930ల నుంచీ "టెన్ ఎసెన్షియల్స్", అంటే కొండల్లోకి వెళ్ళేటప్పుడు వెంట ఉండాల్సిన పది, నేర్పుతోంది. ఆ పదింటికీ నేను సమానంగా మార్కులు వేయను. మన క్యాస్కేడ్స్ కొండల పడమటి వైపు చలికాలంలో ముందు కావలసినవి మూడు: ఒంటి వేడిని ఆపే పొడిబట్ట, తల దాచుకునే గూడు, వెలుగు.

బట్ట సంగతి. పాస్ ఎత్తు 3,022 అడుగులే. అక్కడ చలి సున్నాకి అటూ ఇటూ ఊగుతుంది, పొద్దున మంచు, మధ్యాహ్నం వాన. ఎముకలు కొరికే పొడి చలి కన్నా ఈ తడి చలే ప్రమాదం. కాటన్ తడిస్తే నీళ్ళు పట్టుకుని ఒంటికి అంటుకుపోతుంది, వేడి ఆపదు. జీన్స్, కాటన్ చుడీదార్, కాలేజీ పేరున్న హుడీ, అన్నీ ఆ కోవలోవే. సేల్‌లో కొన్న డౌన్ జాకెట్ పొడిగా ఉన్నంతసేపూ బంగారం, వానలో ఈకలు ముద్దయి పల్చబడిపోతుంది. అందుకే సంచిలో ఉంచే అదనపు జాకెట్ సింథటిక్ ఫిల్‌ది కావాలి, అదీ ఒక సైజు పెద్దది. వణుకుతున్న మనిషి చేత వానకోటు విప్పించకుండా దాని మీదే తొడిగేయాలి కదా. ఇంకో మాట: మనం ఎగతాళి చేసే మంకీ క్యాప్ ఇక్కడ రాజు. చెవులు, మెడ, గడ్డం అన్నీ కప్పుతుంది, గాలికి ఎగిరిపోదు. అమ్మమ్మ పంపిన ఉన్ని శాలువా కూడా తీసుకెళ్ళండి. నూలు దుప్పటి మాత్రం బండిలోనే ఉండనివ్వండి.

ఎక్కువమంది మోసపోయేది గూడు దగ్గర. అరచేతిలో ఇమిడే వెండిరంగు స్పేస్ బ్లాంకెట్ నాలుగు డాలర్లకు దొరుకుతుంది కాబట్టి అదొకటి పడేసి పని అయిపోయిందనుకుంటాం. అది ఒంటినుంచి వెలువడే వేడిని వెనక్కి తిప్పుతుంది, అంతే. గాలొస్తే జెండాలా కొట్టుకుంటుంది, చిన్న గాటు పడితే నిలువునా చిరుగుతుంది, కింద పరిస్తే మంచు చలిని ఏమాత్రం ఆపదు. దాని బదులు సంచిలా కుట్టిన ఎమర్జెన్సీ బివీ తీసుకోండి. బరువు 100 నుంచి 150 గ్రాములు. మనిషి కాళ్ళనుంచి మెడదాకా అందులో దూరిపోతాడు. గాలి ఆడని రకమైతే లోపల ఆవిరి పట్టి బట్టలు చెమరుస్తాయి, అప్పుడప్పుడూ మూతి తెరవాలి. అంత కూడా పెట్టలేమంటే హార్డ్‌వేర్ షాపులో దొరికే దళసరి కాంట్రాక్టర్ చెత్తసంచులు రెండు కొనండి, 3 మిల్ మందం ఉన్నవి (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు, మిల్లీమీటరు కాదు). ఒకటి కాళ్ళకు, రెండోది తలమీదుగా. తొడిగే ముందే ముఖానికి పెద్ద కన్నం కోసుకోవడం మరవద్దు, పిల్లల విషయంలో మరీను.

బివీ కన్నా ముందు కొనాల్సింది ఫోమ్ ముక్క. మంచు మీద చతికిలబడితే అడుగునుంచి పోయే వేడిని పైన ఎన్ని కప్పినా ఆపలేం. సెంటీమీటరు మందం ఉన్న క్లోజ్డ్ సెల్ (నీళ్ళు పీల్చని) ఫోమ్ చాప, మడత పెట్టేది. గాలి నింపే చాప వద్దు, ఒక ముల్లు గుచ్చుకుంటే దాని పని అయిపోయినట్టే.

దెబ్బ తగిలిన మనిషిని కూర్చోబెట్టే వరస కూడా ఇదే: ముందు కింద ఫోమ్, తరువాత వానకోటు మీదుగానే పొడి జాకెట్, టోపీ, ఆపైన బివీ. కప్పు తనే పట్టుకోగలిగితే వెచ్చటి తీపి టీ ఇవ్వండి. చేతులు కాళ్ళు రుద్దొద్దు, మద్యం తాగించొద్దు. జాకెట్ జిప్ పెట్టుకోలేకపోవడం, మాట ముద్దగా రావడం, కారణం లేకుండా విసుక్కోవడం, నడకలో తడబాటు చలి ఒంట్లోకి దిగుతోందనడానికి గుర్తులు. ఒళ్ళు వెచ్చబడకుండానే వణుకు ఆగిపోయిందంటే మెరుగైందనుకోవద్దు, ప్రమాదం ముదిరిందని.

వెలుగు. డిసెంబరులో ఇక్కడ 4:20కే పొద్దు కుంకుతుంది, చెట్ల కింద ఇంకా ముందే. తలకు కట్టుకునే హెడ్‌ల్యాంప్ మనిషికొకటి ఉండాలి, ఇంటికొకటి చాలదు. అందులో లిథియం బ్యాటరీలు వేయండి, మామూలు ఆల్కలైన్‌వి చలికి నీరసపడతాయి. ఫోన్ టార్చ్ లెక్కలోకి రాదు. చలికి చార్జింగ్ 40 శాతం చూపిస్తూనే ఆరిపోయే ఫోన్‌ను టార్చ్‌గా వాడితే సాయం పిలవడానికి ఏముంటుంది? ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో, లోపలి జేబులో, ఒంటికి ఆనించి పెట్టుకోండి. ఐఫోన్ 14 నుంచీ శాటిలైట్ ద్వారా ఎస్ఓఎస్ పంపొచ్చు, కానీ ఆకాశం కనబడాలి. దట్టమైన చెట్ల కింద, ఇరుకు లోయలో ఆలస్యమవుతుంది, అందకనూ పోవచ్చు. గుంపుకొక శాటిలైట్ మెసెంజర్ (సెల్ సిగ్నల్ లేనిచోట శాటిలైట్ ద్వారా సందేశం పంపే చిన్న పరికరం) ఉంటే మేలు. లోపల గోళీ లేని విజిల్ కూడా ఉండాలి, సాయం కావాలంటే మూడేసి ఊదులు. గోళీ ఉన్నది గడ్డకట్టి మూగబోతుంది.

911 చేయడానికి మనవాళ్ళు జంకేది బిల్లుకి భయపడి. వాషింగ్టన్‌లో సెర్చ్ అండ్ రెస్క్యూకి డబ్బు తీసుకోరు. ఆ తరువాత ఎక్కే ప్రైవేటు అంబులెన్సుకు బిల్లు రావచ్చు, అది వేరే సంగతి. 3 గంటలకు చేసిన ఫోనుకీ 6 గంటలకు చేసిన ఫోనుకీ మధ్య చీకటి ఉంటుంది.

తిండి విషయంలో మనకెవరూ చెప్పక్కర్లేదు, అయినా ఒక ముక్క. పులిహోర చలికి రాళ్ళవుతుంది, ఎనర్జీ బార్ పళ్ళకు లొంగదు. జంతికలు, చేగోడీలు, వేయించిన పల్లీలు, సున్నుండలు చేతి తొడుగులతోనే తినొచ్చు. ఫ్లాస్కులో చక్కెర వేసిన టీ. నీళ్ళ సీసా తలకిందులుగా పెట్టండి, మంచు పైనుంచి కడుతుంది కాబట్టి మూత దగ్గర నీళ్ళుంటాయి. దాహానికి మంచు తినొద్దు, దాన్ని కరిగించడానికి ఒంటి వేడే ఖర్చవుతుంది. మామూలు లైటర్‌లోని బ్యూటేన్ సున్నా దగ్గర ఆవిరవదు, అదీ లోపలి జేబులోనే. తడిసిన ఈ అడవుల్లో నిప్పు రాజేస్తామన్న ధీమా మాత్రం పెట్టుకోవద్దు.

గట్టిపడిన బాట మీద బూట్లకు తొడిగే ఇనుప ముళ్ళ మైక్రోస్పైక్స్, కాలు దిగబడే చోట స్నోషూలు. నిటారు మంచు వాలు మీద రెండూ కాపాడవు. వీపున క్యారియర్‌లో ఉన్న పసివాడు నడవడు, మనకు చెమట పడుతుంటే వాడు చల్లబడుతుంటాడు. అరగంటకోసారి చెయ్యి పెట్టి చూడాలి.

ఏ సంచీ ఆపలేనిది అవలాంచ్, అంటే వాలు మీది మంచు విరిగి జారిపడడం. 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద, దాని కింద కూడా, అది ఉంటుంది. ఎండాకాలంలో పిల్లల్ని తీసుకెళ్ళిన స్నో లేక్ బాట చలికాలంలో అలాంటి వాలుల కిందుగానే పోతుంది. బీకన్ (మంచు కింద కూరుకున్నవాళ్ళ జాడ చెప్పే సిగ్నల్ పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార మూడూ ప్రతి మనిషి దగ్గరా ఉండి, వాడకం నేర్చుకున్నవాళ్ళకే అవి పనిముట్లు. మనం చేయగలిగింది నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ సూచన చూసి, చదునైన బాట ఎంచుకోవడం.

కార్యవర్గం వైపునుంచీ ఆలోచించాలి. జీతం లేని పని, తిట్లు మాత్రం ఉచితం. ఇన్ని నియమాలు పెడితే కుటుంబాలు రావు, కొత్తగా వచ్చిన విద్యార్థులకు ఇవన్నీ కొనే స్తోమత లేదు అన్న వాదనలో న్యాయం ఉంది. అందుకే అందరూ అన్నీ కొనాలని నేననను. మనిషికి హెడ్‌ల్యాంప్, పొడి జాకెట్, టోపీ, విజిల్. ఇవి లేనివాళ్ళు పార్కింగ్ దగ్గరే ఆడుకుంటారు, అదీ సరదాయే. మిగతాది సంఘం మోయాలి. పదిమందికి ఒక సంచి చొప్పున: బివీలు 2, ఫోమ్ చాప 1, పెద్ద సింథటిక్ జాకెట్ 1, ఫ్లాస్కు, ప్రథమ చికిత్స డబ్బా, కట్టు పట్టీలు, చేతులు వెచ్చబెట్టే పొట్లాలు 10 జతలు, హెడ్‌ల్యాంప్ అదనంగా 1. సంచి మోసేవాళ్ళు గుంపు చివర నడవాలి. వెనుదిరిగే టైమ్ మధ్యాహ్నం 2, భోజనం ఆలస్యమైనా సరే. మనం ఆలస్యంగా బయల్దేరితే నడక మానుకుందాం, టైమ్ జరపొద్దు.

పిక్నిక్ బ్యానర్‌కూ టీషర్టులకూ పెట్టిన డబ్బుతో ఇలాంటి సంచులు రెండు వస్తాయి. ఉగాది కమిటీ మీటింగ్‌లో దీన్నొక అంశంగా పెట్టమని అధ్యక్షులవారినీ కోశాధికారిగారినీ అడుగుతున్నాను. స్టోరేజ్ యూనిట్‌లో స్టేజి తెరల పక్కన జాగా ఉంది. ఏటా బతుకమ్మ సామాను దింపే రోజునే బ్యాటరీలు మార్చి, పొట్లాల గడువు చూసి, తాళంచెవి ఎవరి దగ్గరుందో గ్రూపులో రాస్తే చాలు.