మీటరు లేని కాలువకు మదుపు ఎవరు పెడతారు?

స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో 2025 జూన్ నెలాఖరున మొదలై జులై 3 వరకు సాగిన ఐక్యరాజ్యసమితి అభివృద్ధి నిధుల సదస్సు ఒక లోటును ప్రపంచం ముందుంచింది. 2030 నాటికి అందుకోవలసిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాలకు వర్ధమాన దేశాల్లో ఏటా దాదాపు 4 లక్షల కోట్ల డాలర్లు తక్కువ పడుతున్నాయి. సంపన్న దేశాలు తమ జాతీయాదాయంలో 0.7 శాతాన్ని సాయంగా ఇవ్వాలన్నది 1970 నాటి మాట. 2024లో అవి ఇచ్చింది సగటున 0.33 శాతమే. సెవిల్ ఒప్పంద పత్రం ఖరారు కాకముందే అమెరికా ఆ చర్చల నుంచి తప్పుకుంది.

ప్రభుత్వ ధనాన్ని కొంత ఎరగా వేస్తే ప్రైవేటు ధనం లక్షల కోట్లలో దానంతట అదే వచ్చి చేరుతుందని 2015లో అంతర్జాతీయ ఆర్థిక సంస్థలు నమ్మబలికాయి. పదేళ్లు గడిచినా అది జరగలేదు. ఎందుకు జరగలేదో తెలుసుకోవడానికి చెన్నై వాసులు సెవిల్ దాకా వెళ్లనక్కరలేదు, నగరానికి ఉత్తరపు కొసన ఉన్న ఎన్నూరు దాకా వెళితే చాలు.

ఎన్నూరుకు ఉత్తరాన, మీంజూరు ప్రాంతంలోని కాట్టుపల్లి తీరంలో రోజుకు 10 కోట్ల లీటర్ల సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కర్మాగారం 2010లో ప్రారంభమైంది. దాన్ని కట్టింది హైదరాబాద్‌కు చెందిన ఒక నిర్మాణ సంస్థ, దానితో జత కట్టిన ఒక స్పెయిన్ సంస్థ. ఆ స్పెయిన్ సంస్థ మాతృసంస్థ ప్రధాన కార్యాలయం అప్పట్లో సెవిల్‌లోనే ఉండటం కాకతాళీయమే అయినా చెప్పుకోదగ్గది. ఇరవై అయిదేళ్ల పాటు ఒప్పందపు ధరకు నీళ్లు కొంటామని చెన్నై నీటి సరఫరా సంస్థ మెట్రోవాటర్ సంతకం చేసింది కనుకనే ప్రైవేటు ధనం అంత దూరం నుంచి వచ్చింది.

దానికి కొద్ది మైళ్ల దూరంలో, కొసస్థలైయారు నది పరీవాహకంలోని పేటలకు కావలసింది వాననీటి కాలువలు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు చమురు శుద్ధి కర్మాగారం ఉన్న మణలి వైపు నుంచి వరదతో కలిసి వచ్చిన చమురు ఎన్నూరు మత్స్యకారుల ఇళ్ల గోడల మీద నడుమెత్తున నల్లటి చార మిగిల్చి పోయింది. ఆ కాలువ కడితే బతుకులు నిలుస్తాయి, ఆస్తులు మిగులుతాయి, కానీ దానికి బిల్లు వేసే మీటరు ఉండదు. మదుపుదారును తప్పు పట్టి ప్రయోజనం లేదు. రాబడి కనబడని చోట అతడు ఆగడు. అందుకే ఆ పనికి ముందుగా ఆసియా అభివృద్ధి బ్యాంకు 25.1 కోట్ల డాలర్ల రుణం ఇవ్వవలసి వచ్చింది. ఆ తర్వాతే, 2025లో, చెన్నై మహానగర కార్పొరేషన్ 200 కోట్ల రూపాయల బాండ్లు, అంటే మార్కెట్‌లో అమ్మే అప్పు పత్రాలు, విడుదల చేయగలిగింది. ఆ బాండ్లు కొన్నవారు కాలువను చూసి కొనలేదు, కార్పొరేషన్ పన్ను వసూళ్లను చూసి కొన్నారు.

ఈ పాఠం తమిళనాడుకు కొత్త కాదు. అప్పట్లో విడి పురపాలికగా ఉన్న ఆలందూరులో 1990ల చివర భూగర్భ మురుగునీటి పథకం తలపెట్టినప్పుడు, తవ్వకం మొదలుకాకముందే ఇంటికి 5,000 రూపాయల చొప్పున జనం డిపాజిట్ కట్టారు. అప్పు ఇచ్చేవారికి అంతకు మించిన ధీమా ఏముంటుంది? అటుపై ఒంటరిగా బాండ్లు వేసే స్తోమత లేని చిన్న పురపాలికలను కలిపి, 2002లో ఏర్పడిన ఉమ్మడి నిధి ద్వారా మార్కెట్‌లో అప్పు తెచ్చారు. ఆ బాండ్ల అసలులో సగానికి హామీగా నిలిచింది అమెరికా అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ, అంటే 2025లో వాషింగ్టన్ మూసివేసిన యూఎస్‌ఎయిడ్. విదేశీ సాయం తీసుకోవలసిన మెరుగైన రూపం ఇదేనని మా అభిప్రాయం: డాలర్లలోనో యెన్‌లలోనో అప్పు తెచ్చి మారకపు రేటు భారాన్ని మోసే కంటే, రూపాయల్లో తెచ్చే అప్పుకు హామీ పొందడం మేలు.

దానాలనూ చూశాం. ఆంధ్రప్రదేశ్‌లోని కండలేరు జలాశయం నుంచి చెన్నైకి నీరందించే పూండి జలాశయానికి కృష్ణా నీళ్లు తెచ్చే తెలుగుగంగ కాలువ గట్లు తెగి నీరు దారిలోనే ఇంకిపోతున్న రోజుల్లో, 2002లో సత్యసాయిబాబా ముందుకొచ్చి తమ ట్రస్టు ధనంతో బాగు చేయించారు. చెన్నై తెలుగువారే కాదు, తమిళులూ మరచిపోని మేలు అది. అయితే దాత వస్తాడని బడ్జెట్ వేసుకోలేం.

పన్ను వసూలు చేసుకునే సత్తా ఉన్న నగరానికే ఇంత యాతన అయితే, ఆ సత్తా లేని దేశాల మాటేమిటి? విద్య మీదో వైద్యం మీదో పెట్టే ఖర్చు కన్నా అప్పుల వడ్డీకి ఎక్కువ కడుతున్న దేశాల్లో 340 కోట్ల మంది బతుకుతున్నారని ఐరాస వాణిజ్య, అభివృద్ధి సంస్థ లెక్క. ఆ దేశాలకు ప్రైవేటు మదుపును ఆకర్షించండని హితవు చెప్పడం వారి దురవస్థను పరిహసించడమే. వారికి ముందు కావలసింది రుణభార ఉపశమనం, ఆపైన నేరుగా గ్రాంట్లు. సంపన్న దేశాల వంతు అక్కడ 0.33 శాతంతో తీరిపోదు.

భారత్ విషయానికొస్తే, ప్రపంచ బ్యాంకు పాలకమండలిలో మనకు స్థానం ఉంది. రుణాల కన్నా స్థానిక కరెన్సీ హామీల వాటా పెంచమని అక్కడ గట్టిగా అడగాలి. ఇక చెన్నై కార్పొరేషన్ తన బాండ్ల డబ్బు ఏ వీధి కాలువకు ఎంత చేరిందో వార్డుల వారీగా ప్రజల ముందుంచాలి. ఎన్నూరు, మణలి, తిరువొత్తియూరు వాసులు ఈశాన్య రుతుపవనాల రాకకు ముందే ఆ లెక్క చూడగలగాలి.