చప్పట్లు కొట్టిన చేతులేనా ఇవి?

అవి 2020 కరోనా రోజులు. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో కూరగాయల దుకాణం ముందు సున్నంతో వలయాలు గీసింది ఎందుకు? మనిషికీ మనిషికీ మీటరు దూరం ఉండాలని. ఆ వలయాల్లో చెప్పులు వదిలేసి, జనం మాత్రం చెట్టునీడన ఒకరి మీద ఒకరు పడి కబుర్లు! మాస్కులేమో గడ్డం కింద. తుమ్ము వస్తే మాస్కును ఇంకా కిందికి లాగి మరీ తుమ్మేవారు. ఇదెక్కడి చోద్యం?

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ సాయంత్రం బాల్కనీల్లో పళ్లేలు మోగించింది వీళ్లే కదా! ఎవరి కోసం మోగించారు? నర్సులకూ, పారిశుద్ధ్య కార్మికులకూ కృతజ్ఞతగానే కదా! మరి ఏం చేశారు? మా అపార్టుమెంటులో ఉండే నర్సును లిఫ్టు ఎక్కవద్దన్నారు. ఆమె ఉండేది నాలుగో అంతస్తు! రాత్రంతా రోగుల మధ్య నిలబడి వచ్చిన మనిషి, చేత్తో రెయిలింగు కూడా ముట్టుకోకుండా ఆ మెట్లన్నీ ఎక్కేది. ఎదురుపడితే తలుపులు ధడాలున మూసేసేవారు. కడుపు మండిపోయేది.

మే 4న మద్యం దుకాణాలు తెరిచారు. ధరలు పెంచినా సరే, మండుటెండలో బారులు తీరారు. అప్పుడు ఏమైంది ఈ భయం? పారిశుద్ధ్య కార్మికురాలు గుక్కెడు మంచినీళ్లు అడిగితే మాత్రం ఎక్కడలేని భయం ముంచుకొచ్చింది. రోజూ మన చెత్త ఎత్తేది ఆవిడే కదండీ!