కోటలోని చర్చి కథ సగమే చెబితే ఎలా?

చెన్నై సెయింట్ జార్జ్ కోటలోని సచివాలయానికి పనిమీద రోజూ ఎంతోమంది వస్తుంటారు. అదే కోటలో ఉన్న సెయింట్ మేరీస్ చర్చిలో అడుగుపెట్టేవాళ్లు మాత్రం తక్కువే. సూయజ్‌కు తూర్పున ఉన్న ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి శాఖ) చర్చిల్లో అన్నిటికన్నా పాతదిగా దీనికి పేరు. 1678 మార్చి 25న, మేరీమాత పండుగ రోజున పని మొదలైంది. 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠ జరిగింది. అప్పటి మద్రాసు గవర్నర్ స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ చందాలు పోగుచేసి కట్టించాడు.

ఈ కట్టడంలో భక్తి ఎంత ఉందో యుద్ధభయమూ అంతే ఉంది. గోడల మందం 4 అడుగులు. పైకప్పుకు దూలాలు, వాసాలు లేవు. ఫిరంగి గుండ్లను తట్టుకునేలా ఇటుకతో కమానుగా తిప్పారు. దీన్ని కట్టినవాడు కోటలో ఫిరంగుల పని చూసే విలియం డిక్సన్ అని చెబుతారు. ఆ కప్పును చూస్తే నమ్మబుద్ధేస్తుంది.

ఆవరణలో పరిచిన సమాధి రాళ్లది ఇంకో కథ. అవి మొదట కోట బయటి శ్మశానంలో ఉండేవి. 1758-59 ముట్టడిలో ఫ్రెంచి సైనికులు ఆ సమాధుల చాటు నుంచే పోరాడారు. యుద్ధం ముగిశాక ఇంగ్లిషువాళ్లు ఆ రాళ్లను పెకలించి ఇక్కడికి తెచ్చారు. లాటిన్, పోర్చుగీసు, అర్మేనియన్ అక్షరాలున్న ఆ రాళ్ల కింద సమాధులు లేవు. సముద్రపు గాలికి, ఎండావానలకు అక్షరాలు అరిగిపోతున్నాయి.

తర్వాత మద్రాసు గవర్నరైన ఎలిహు యేల్ పెళ్లి ఇక్కడే జరిగింది, 1753లో ఈస్టిండియా కంపెనీ సేనాని రాబర్ట్ క్లైవ్ పెళ్లీ ఇక్కడే. వచ్చినవాళ్లకు అందరూ చెప్పేది ఇదే. యేల్ గవర్నరుగా ఉన్నప్పుడు ఈ రేవు నుంచి బానిసలను ఓడలెక్కించిన సంగతి కూడా అంతే స్పష్టంగా చెప్పాలి.

తెలుగువాళ్లకు ఇక్కడ ఇంకో బంధం ఉంది. సర్ థామస్ మన్రో సమాధి ఈ చర్చిలోనే ఉంది. దత్త మండలాల (నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన రాయలసీమ ప్రాంతం) కలెక్టరుగా చేసి, తర్వాత మద్రాసు గవర్నరైన ఆయన 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. మొదట గుత్తిలో పూడ్చి, తర్వాత అస్థికలను ఇక్కడికి తెచ్చారు. రాయలసీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారంటే ఆయన మీద జనానికి ఎంత గురి ఉండేదో తెలుస్తుంది.

పరాయి పాలకులు కట్టిందని దీన్ని పట్టించుకోకపోవడం తప్పని మా అభిప్రాయం. ఆ రాళ్ల మీది ప్రతి అక్షరాన్నీ చెరిగిపోకముందే ఫొటో తీసి, చదివి, అందరికీ అందుబాటులో పెట్టాలి. తమిళంలో, తెలుగులో వివరాల బోర్డులు పెట్టాలి. గుత్తి నుంచో పత్తికొండ నుంచో వచ్చినవాళ్లు మన్రో సమాధి ఎక్కడని అడిగితే, దారి చూపి కథ చెప్పేవాళ్లు ఒకరు అక్కడ ఉండాలి.