ఐదేళ్ళు నిండేదాకా ఎవరి కోసం ఆగాలి?

సెలవులు దగ్గర పడితే చాలు, విజయవాడ, గుంటూరు తల్లుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం మళ్ళీ తిరగడం మొదలవుతుంది. ఇంట్లో ఐదేళ్ళలోపు పిల్లలుంటే థీమ్ పార్కుల జోలికి వెళ్ళవద్దన్నది దాని సారాంశం. కారణాలు చాలానే చెబుతుంది: పిల్లలకు ఏమీ గుర్తుండదు, టికెట్టు డబ్బు దండగ, చిన్నవాళ్ళు ఏదీ ఎక్కలేరు, చంటిబిడ్డకు ఎండదెబ్బ తగులుతుంది, నీళ్ళలో జబ్బులు అంటుకుంటాయి, తల్లికి చాకిరీ తప్ప సరదా ఉండదు. చివర పిల్లల డాక్టరు సలహా అని ఉంటుంది, ఏ డాక్టరో ఉండదు. ఇందులో రెండున్నర నిజాలు ఉన్నాయి. వాటిని అడ్డం పెట్టుకుని మిగతావన్నీ నమ్మించడమే నాకు నచ్చనిది.

మొదటిది, గుర్తుండకపోవడం. పెద్దవాళ్ళకు మిగిలే తొలి జ్ఞాపకం మామూలుగా మూడు, మూడున్నర ఏళ్ళ వయసుది. కాబట్టి ఏడాది బిడ్డకు ఆ రోజు గుర్తుండదన్న మాట నిజమే. కానీ ఈ లెక్కన ముందుగా రద్దు కావలసింది మొదటి పుట్టినరోజు. బెంజి సర్కిల్ దగ్గర ఫంక్షన్ హాలు మాట్లాడి, ఊరందరికీ భోజనాలు పెట్టి, నిద్రకు ఏడుస్తున్న బిడ్డ చేత కేకు కోయించేటప్పుడు ఈ ప్రశ్న ఎవరూ వేయరు. పైగా పార్కు ప్రయాణం చంటిబిడ్డ కోసమని ఎవరన్నారు? అది అక్క కోసమో అన్న కోసమో. తమ్ముడు పుట్టినప్పటి నుంచి "గట్టిగా అరవకు, వాడు లేస్తాడు" అన్న మాటే వింటున్న నాలుగేళ్ళ పిల్లకు, అరిచినా ఎవరూ ఏమీ అనని చోటు ఒకటి కావాలి.

డబ్బు సంగతి. హైదరాబాదు శివారు రావిర్యాలలోని వండర్‌లా పార్కులో టికెట్టు వయసును బట్టి ఉండదు, ఎత్తును బట్టి ఉంటుంది. చేతిమీది బిడ్డకు టికెట్టే లేదు. అమెరికాలో డిస్నీ పార్కులు కూడా మూడేళ్ళలోపు పిల్లలకు టికెట్టు అడగవు. మన రైల్లో ఐదేళ్ళలోపు పిల్లలకు వేరే బెర్తు కోరకపోతే చార్జీ లేదు. అంటే సందేశం మాట విని ఆగితే ఖర్చు పెరుగుతుందే గాని తగ్గదు. ఇంకో లాభం కూడా పోతుంది. బడి మొదలయ్యాక సెలవుల్లోనే వెళ్ళాలి, లోకమంతా అప్పుడే వస్తుంది. ఇంకా ఒకటో తరగతికి రాని పిల్లను ఏ మంగళవారమో తీసుకెళ్ళవచ్చు, వరుసలో నిలబడే సమయం బాగా తగ్గుతుంది.

అసలు దండగ ఎక్కడంటే, తెల్లవారుజామున బయల్దేరి ఆ రాత్రికే తిరిగి రావాలనుకోవడంలో. విజయవాడ నుంచి హైదరాబాదు దాదాపు 275 కిలోమీటర్లు. పాలకోసం, బట్టలు మార్చడానికి సూర్యాపేటలోనూ మరో చోటా ఆగితే పూట గడిచిపోతుంది. గేటు దాటేసరికి పెద్దపిల్లకు నిద్ర, చిన్నదానికి ఆకలి, నాన్నకు కోపం. ఒక రాత్రి అక్కడ ఉండే వీలుంటేనే వెళ్ళండి. రామోజీ ఫిల్మ్ సిటీ మన హైవే మీదే, నగరం రాకముందే వస్తుంది. వండర్‌లాకైతే పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఊళ్ళోకి పోనక్కర లేదు. ఈ ప్రయాణానికి పిల్లలు తట్టుకుంటారో లేదో ముందు తెలుసుకోవాలంటే విజయవాడలోనే భవానీ ద్వీపం ఉండనే ఉంది, కృష్ణ మధ్యన 133 ఎకరాలు. ఒక పూట గడిపి చూడండి. పడవలో పిల్లల కొలతకు సరిపడే లైఫ్ జాకెట్ లేదంటే మాత్రం ఒడ్డునే ఉండిపోండి. 2017లో పవిత్ర సంగమం దగ్గర జరిగిన పడవ ప్రమాదం ఈ ఊరు మరిచిపోయేది కాదు.

చిన్నవాళ్ళు ఏదీ ఎక్కలేరన్నది తప్పు. నాలుగేళ్ళ పిల్లల ఎత్తు 103 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. పెద్ద రైడ్లకు అది చాలదు, రంగులరాట్నానికీ బుల్లి రైలుకూ చాలు. ఎత్తు నిబంధన పెట్టింది సీటు పట్టీ ఆ కొలత ఒంటికే బిగుస్తుంది కాబట్టి. చిన్న ఒళ్ళు దాని కిందనుంచి జారుతుంది. కొలిచే చోట పిల్లను మునివేళ్ళ మీద నిలబడమని సైగ చేసే పెద్దమనుషులకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

ఇక ఎండ. సందేశంలోని సగం నిజం ఇదే. బరువుతో పోలిస్తే చంటిబిడ్డకు చర్మం వైశాల్యం ఎక్కువ, చెమట పట్టడం తక్కువ. అందుకే మనకన్నా త్వరగా ఒళ్ళు కాలిపోతుంది. రోహిణి కార్తెలో బిడ్డను ఎత్తుకుని పార్కులో తిరగమని నేనూ చెప్పను. అయితే ఏడాదికి పన్నెండు నెలలున్నాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఏ ఇబ్బందీ లేదు, నడి మధ్యాహ్నం నీడ పట్టున ఉంటే సరి. ఎండ తగలకుండా బిడ్డ బండిపై దుప్పటి కప్పడం చాలామంది చేసే పొరపాటు. లోపల గాలి ఆడక ఇంకా వేడెక్కుతుంది. ఆరు నెలలలోపు బిడ్డకు మంచినీళ్ళు పట్టకూడదు, తల్లిపాలే మరికొన్నిసార్లు ఇవ్వాలి.

నీళ్ళ విషయంలో సందేశంతో పూర్తిగా ఏకీభవిస్తాను. క్రిప్టోస్పోరిడియం అనే విరేచనాల పరాన్నజీవి సరిగా క్లోరిన్ కలిపిన నీళ్ళలోనూ వారం పైన బతుకుతుంది, డైపరు దాన్ని ఆపలేదు. చంటిబిడ్డను కొలనులో దించవద్దు, పాటలు హోరెత్తే చోటికి తీసుకెళ్ళవద్దు. తొమ్మిది నెలలు నిండాక వేసే తట్టు టీకా పడేదాకా గుంపుల్లోకి వద్దన్నా ఒప్పుకుంటాను. తొమ్మిది నెలలు ఎక్కడ, ఐదేళ్ళు ఎక్కడ?

చివరిది తల్లి చాకిరీ. ఈ మాట రాసినవారు జాలిపడ్డారు గాని, చాకిరీ ఆమెదేనని ముందే తేల్చేశారు. డిస్నీ పార్కుల్లో ఒక పద్ధతి ఉంది: ఒకరు బిడ్డతో బయట ఉంటే రెండోవారు రైడు ఎక్కి వస్తారు, తర్వాత మొదటివారు మళ్ళీ పెద్ద వరుసలో నిలబడకుండా ఎక్కుతారు. మన పార్కుల్లో ఆ సౌకర్యం లేకపోయినా వంతులు వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర లేదు. అమ్మమ్మను వెంట తీసుకెళ్ళి రోజంతా సంచుల దగ్గర కూర్చోబెట్టడం మాత్రం పరిష్కారం కాదు. ఆమెకూ ఆ బుల్లి రైలు ఎక్కాలని ఉండవచ్చు. పొద్దున బిడ్డ అమ్మ దగ్గర ఉంటే, భోజనాల తర్వాత బిడ్డా, డైపర్ల సంచీ నాన్న చేతికి రావాలి. బిడ్డ బట్టలు మార్చే బల్ల ఆడవాళ్ళ గదిలోనే ఉందని ఆయన చెబితే, బల్ల లేకుండా ఒళ్ళో వేసుకుని మార్చడం ఇంటి దగ్గరే నేర్పి తీసుకెళ్ళండి.