గడ్డపెరుగు గారికి మాజీ భక్తుడి బహిరంగ లేఖ

మహారాజశ్రీ గడ్డపెరుగు గారికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. మీ క్షేమం అడగను, ఎందుకంటే మీకేమీ కాదు. ప్రభుత్వాలు మారినా, రాష్ట్రం రెండైనా, అరిటాకు పోయి పేపరు ప్లేటు వచ్చినా, భోజనంలో ఆఖరి ముద్ద మాత్రం మీ పేరు మీదే రిజిస్టరై ఉంది. దాన్ని రద్దు చేసే కోర్టు ఈ దేశంలో లేదు.

నేను మాంసం, గుడ్లు, పాలు, నెయ్యి, తేనె అన్నీ మానేసి వీగన్‌నయ్యానన్న కబురు మీకు ఈపాటికి చేరే ఉంటుంది. మా పెద్దమ్మ ఎవరినీ వదిలిపెట్టకుండా ఫోన్లు చేసింది మరి.

కోడితో, మేకతో నాకు గొడవ రాలేదు. మాంసం మానడానికి మన క్యాలెండర్‌లోనే ఏర్పాట్లున్నాయి. శనివారమైతే వెంకన్న పేరు చెప్పొచ్చు. కార్తీక మాసమంతా శివుడి పేరు చెప్పొచ్చు. అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు ఎవరూ నోరెత్తరు, పైగా "స్వామీ" అని పిలిచి పక్కకు జరుగుతారు. పూర్తిగా మానేశానన్నా, "మంచి పని చేశావురా, నేనూ అదే ఆలోచిస్తున్నా" అంటారు, చేతిలో లెగ్‌పీస్ పట్టుకునే.

మిమ్మల్ని మానేశానని మాత్రం చెప్పడానికి లేదు. మిమ్మల్ని మానడానికి ఏ దేవుడూ ఒక వారం కేటాయించలేదు. చెబితే మొదట "జలుబా?" అంటారు. కాదంటే "డాక్టరు వద్దన్నాడా?" అంటారు. అదీ కాదంటే కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఇంట్లో ఏమైనా గొడవా?" అంటారు.

సంక్రాంతికి భీమవరం దగ్గర మా అత్తగారి ఊరు వెళ్లాం. పెరట్లో గేదెలున్న ఇల్లు. అల్లుడు వస్తున్నాడంటే ముందురోజు రాత్రే మీగడతో సహా మిమ్మల్ని విడిగా తోడుపెట్టి ఉంచడం ఆ ఇంటి మర్యాద. కనుమ నాడు కోడికూర వద్దన్నాను. "పోనీలెండి, గారెలు తినండి" అన్నారు. నెయ్యి ఉంటుందని పూతరేకు వద్దన్నాను. మా మావయ్యగారు పేపరు మీంచి ఓసారి చూశారు. ఆఖరికి తమరు వేంచేశారు, గరిటె గుచ్చితే పడిపోకుండా నిలబడేంత గట్టిగా. విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాను.

అత్తగారు గిన్నెతో సహా లోపలికి వెళ్లిపోయారు. వంటింట్లోంచి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"అల్లుడుగారు అలిగారేంటే?"

"అలగలేదమ్మా. పెరుగు మానేశారు."

"ఊరికే ఎవరైనా మానేస్తారా! మనం ఏం తక్కువ చేశామో కనుక్కో."

మావయ్యగారు వచ్చి నా పక్కన కూర్చున్నారు. ధాన్యం రేటు గురించి చాలాసేపు మాట్లాడారు. రొయ్యల చెరువుల గురించి కూడా మాట్లాడి, చివరికి గొంతు తగ్గించి, "బాబూ, కారు విషయమైతే దాళ్వా కోతలయ్యాక చూద్దాం" అన్నారు. నేను ఏ కారూ అడగలేదండీ. పెరుగు వద్దంటే కారు మాట వస్తుందని తెలిస్తే గోదావరి జిల్లాల అల్లుళ్లంతా ఈపాటికి వీగన్లయిపోయేవారు. ఈ ఉద్యమం మన దగ్గర ఎదగకపోవడానికి కారణం ప్రచారలోపమే.

సాయంత్రానికి అత్తగారు తేరుకుని రాజీ ప్రతిపాదన పెట్టారు. "పోనీ మజ్జిగ పుచ్చుకోండి బాబూ. నీళ్ల మజ్జిగే. అందులో పెరుగు ఎంతుంటుంది గనక!"

మీ అసలు బలం ఇక్కడే ఉంది. ముందు గుమ్మంలోంచి పొమ్మంటే వెనక గుమ్మంలోంచి ఇంకో వేషంలో వస్తారు. మజ్జిగ పులుసు, పెరుగు పచ్చడి, ఆవడ అంటే ఎదురుగా కనిపిస్తాయి, తప్పుకుంటాను. చల్ల మిరపకాయలో కూడా మీరున్నారని గుర్తొచ్చేసరికి పప్పు సగం అయిపోయింది. వెజ్ బిర్యానీలో ముక్కలు నానేది మీలోనే. నాన్ మెత్తగా రావడానికి పిండిలో మీరే. హోటల్లో "పాలు, పెరుగు, నెయ్యి, వెన్న లేనిది ఏముంది?" అని అడిగితే సర్వర్ కాసేపు ఆలోచించి, "వాటర్ బాటిల్ తీసుకురమ్మంటారా సార్?" అన్నాడు. నాలాంటివాడు వస్తాడని హైదరాబాద్ ఇరానీ కేఫ్‌లకైనా తెలుసు. పాలు పోయని సులేమానీ చాయ్ అక్కడ ఎప్పటినుంచో ఉంది. చాయ్ విషయంలో నన్ను మనిషిగా చూసింది వాళ్లొక్కరే.

ఇక ప్యాకెట్లు. పచ్చ చుక్క ఉంటే చాలు, మన మనిషే అనుకునేవాణ్ణి. ఆ చుక్క శాకాహారానికి గుర్తు. పాలపొడి కూడా ఆ చుక్క కిందికే వస్తుంది. వీగన్ సరుకుకు వేరే నిబంధనలు, వేరే గుర్తు 2022లో వచ్చాయి. ఆ గుర్తున్న సరుకు మా వీధి కిరాణా కొట్టుకు ఇంకా బయల్దేరలేదు. బిస్కెట్ ప్యాకెట్ వెనక చీమల్లాంటి అక్షరాలు చదువుతూ నిలబడితే, కొట్టు ఓనరు "ఎక్స్‌పైరీ డేట్ బానే ఉంది సార్, నిన్ననే వచ్చింది స్టాకు" అని నొచ్చుకుంటాడు.

గుడికి వెళ్తే ఇంకో పరీక్ష. పంచామృతంలో పాలు, పెరుగు, నెయ్యి, తేనె, పంచదార. నా వాటాకు మిగిలేది పంచదార ఒక్కటే. ప్రసాదంలో దద్ధోజనం మీ సొంత సామ్రాజ్యం, చక్కెర పొంగలి నెయ్యిది. తిరుపతి లడ్డు తెచ్చిచ్చిన వాళ్లకు వద్దని చెప్పే ధైర్యం నాస్తికులకే లేదు, నాకెక్కడిది? కళ్లకద్దుకుని మా ఆవిడ చేతిలో పెడతాను. ఆమె ఈ మధ్య నా ఆహార నియమాలను బాగానే సమర్థిస్తోంది. నన్ను వెలివేయనిది పులిహోర ఒక్కటే. దాని రుణం తీర్చుకోలేను.

ఇంతకీ మీ మీద కోపం దేనికని అడుగుతారు. రుచి మీద కాదు. ఎండాకాలం మధ్యాహ్నం, చద్దన్నం, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, మీరు. దీని మీద వాదించేవాడు అబద్ధమాడుతున్నట్టే.

మా ఇంటి పక్కన గేదె ఈనినప్పుడల్లా జున్ను వచ్చేది. బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఆవిరికి ఉడికించి, గిన్నెలో పెట్టి ఇంటింటికీ పంచేవాళ్లు. అందరం లొట్టలేసుకుంటూ తిన్నాం. అవి ఎవరి కోసం వచ్చిన పాలో ఆ గిన్నె పంచేవాళ్లూ అనలేదు, తినేవాళ్లూ అడగలేదు. ఈనిన మొదటి పాలు దూడ ఒంట్లో రోగనిరోధక శక్తి నింపేవి. అది పెయ్యదూడైతే రేపు పాలిస్తుంది గనక కాస్త వదులుతారు. దున్నదూడైతే దాని లెక్క వేరు. దుక్కి దున్నడానికి ట్రాక్టరొచ్చింది, బండి లాగడానికి ఆటో వచ్చింది. దానికి వదిలే పాలు దండగ ఖాతాలో పడతాయి. పొదుగు దగ్గరికి వదిలి, చేపు రాగానే లాగి రాటకు కట్టేస్తారు. కొన్నాళ్లకు అది డొక్కలు పోయి, ఒకరోజు కనిపించదు. దూడ చస్తే, దాని తోలులో గడ్డి కూరి గేదె ముందు నిలబెట్టి పాలు పిండిన రోజులు కూడా ఉన్నాయి. గేదె ఆ గడ్డిబొమ్మను నాకుతుంది, పాలు వస్తాయి, మీరు తయారవుతారు. వట్టిపోయిన గేదె ఎటు పోతుందో ఊళ్లో అందరికీ తెలుసు. గేదె మాంసం ఎగుమతిలో మన దేశం ప్రపంచంలోనే ముందు వరసలో ఉంది. మిమ్మల్ని సాత్వికం అనేవాళ్లు ఆ లారీ వెళ్లేటప్పుడు అటు తిరిగి కూర్చుంటారు.

ఇందులో రెండు గేదెలు పెట్టుకుని పిల్లల్ని చదివించుకునే ఆమెను నేను ఒక్క మాట కూడా అనను. పాల సేకరణ కేంద్రంలో వెన్న శాతం చూసి కట్టే ఆ డబ్బే చాలా ఇళ్లలో ఆడవాళ్ల చేతికి సరాసరి వచ్చే డబ్బు. 1970లో మొదలైన శ్వేత విప్లవం పాలపొడి దిగుమతి చేసుకునే దేశాన్ని ప్రపంచంలోనే ఎక్కువ పాలు తీసే దేశంగా మార్చింది. 2023–24లో దాదాపు 24 కోట్ల టన్నులు. అంత పెద్ద లెక్క మీ వెనక ఉంది, నా వెనక పులిహోర ఉంది. మన బలాబలాలు నాకు తెలుసు.

మిమ్మల్ని మానేశాక నాకు తెలిసిందేమిటంటే, మా బంధువులందరూ రహస్యంగా పోషకాహార నిపుణులు. ఇన్నేళ్లూ నేను బజ్జీలు, పఫ్‌లు, కూల్‌డ్రింకులతో బతికినప్పుడు ఒక్కరికీ నా కాల్షియం గుర్తుకు రాలేదు. ఇప్పుడు ఎముకలు విరుగుతాయని బెంగ పెట్టుకున్నారు. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, నువ్వుల్లో ఇంకా ఎక్కువ. ఆ మాట మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలే చెబుతున్నాయి. చూపిస్తే, "అవన్నీ పుస్తకాల్లో బానే ఉంటాయి" అంటాడు మా బాబాయి. ఒక్క విటమిన్ బి12 దగ్గర మాత్రం వాళ్లదే పైచేయి. అది మొక్కల్లో దొరకదు, బ్యాక్టీరియా తయారు చేస్తుంది, నాకు మాత్ర తప్పదు. మా బాబాయి ఇంటికొచ్చినప్పుడల్లా ఆ మాత్రల డబ్బా పట్టుకుని ఊపి చూస్తాడు.

ఈ వీగన్ అన్న మాట 1944లో పుట్టింది. ఇంగ్లండ్‌లో డొనాల్డ్ వాట్సన్ అనే వడ్రంగం నేర్పే మాస్టారు, ఇంకొందరు కలిసి సంఘం పెట్టుకున్నారు. ఆయన 95 ఏళ్లు బతికారు. ఇది చెబితే మా వాళ్లు నోరు మూస్తారనుకున్నాను. మా అత్తగారు క్షణం కూడా ఆలోచించకుండా, "అక్కడ మనలాగా ఎండలు కాయవు కద బాబూ, ఆయనకి చలవ ఎందుకు?" అన్నారు. దీనికి సమాధానం ఆ ఇంగ్లండ్ సంఘం దగ్గర కూడా ఉండదు. ప్రపంచ వీగన్ దినోత్సవం నవంబర్ 1న. అదే రోజు ఆంధ్రప్రదేశ్ అవతరణ దినోత్సవం. ఆ రోజున మా వాట్సాప్ గ్రూపులో రాష్ట్రానికి శుభాకాంక్షలు వరదలా వస్తాయి. నాకు ఒక్కటే వచ్చింది, మా బావమరిది పంపిన పెరుగన్నం ఫోటో.

మీకు ప్రత్యామ్నాయం వెతకలేదని అనుకోకండి. ఓట్స్ పాల డబ్బా కొనే డబ్బుకు గేదెపాలు మూడు లీటర్లు వస్తాయని మా పాలబ్బాయి లెక్క చెప్పాడు, ఎంతైనా తన వ్యాపారం. అందుకని పల్లీలు నానబెట్టాను. రుబ్బి, వడగట్టి, కాచి, గోరువెచ్చగా అయ్యాక పచ్చిమిరప తొడిమలు వేసి తోడుపెట్టాను. తెల్లారేసరికి తోడుకుంది! చూడ్డానికి తెల్లగా, నోట్లో పుల్లగా. కాకపోతే పల్లీచట్నీకి స్వయానా మేనత్త కూతురు. అన్నంలో కలిపితే ఇడ్లీ కోసం వెతుక్కుంటుంది నాలుక. మీలాగే పేరు పెట్టి కొట్లో అమ్మడానికి కూడా చట్టం ఒప్పుకోదట. పాలతో చేయనిదాన్ని పాలు, పెరుగు అనకూడదు, కొబ్బరిపాలలాంటి పాత పేర్లకే మినహాయింపు. పోటీ లేకుండా చూసుకోవడంలో కూడా మీది ముందుచూపే.

ఇక అసలు పని మీదికి వస్తాను. ఈ నెలాఖరున మా మేనమామ కూతురి పెళ్లి. కేటరింగ్ అతనికి ముందే ఫోన్ చేశాను.

"వీగనంటే జైన్ భోజనమేగా సార్? ఉల్లి, వెల్లుల్లి లేకుండా చేయిస్తా."

"ఉల్లిపాయ ఎంతైనా వెయ్యండి. పెరుగు, నెయ్యి ఉండకూడదు."

అవతల కాసేపు మాట లేదు. "మీ పెద్దవాళ్లకు తెలుసా సార్?" అన్నాడు.

కాబట్టి ఆ రోజు మీరు స్టీలు బకెట్‌లో మా బంతి దగ్గరికి రాక తప్పదు. వడ్డించే కుర్రాడు "కొంచెమే వేస్తా సార్" అంటాడు, నేను విస్తరి మీదికి వంగి కాపలా కాస్తాను, అటూ ఇటూ ఉన్నవాళ్లు తినడం ఆపి చూస్తారు. అంతవరకు ఎలాగూ తప్పదు. పాత పరిచయం కొద్దీ మిమ్మల్ని ఒక్కటే కోరుతున్నాను. మధ్యాహ్నం ముహూర్తం, షామియానా కింద ఎండ బాగానే ఉంటుంది. ఆ ఒక్క పూట దయచేసి పులిసిపోండి. అప్పుడు బంతి మొత్తం వద్దంటుంది, నన్నెవరూ పట్టించుకోరు.

ఇట్లు,
తమ మాజీ భక్తుడు,
పులిహోర వర్గం