వందేళ్ళకోసారి, ఏటా రెండుసార్లు

విశాఖపట్నం వాళ్ళ ఆయుష్షు మీద ఎవరైనా డాక్టర్లు పరిశోధన చేస్తే బాగుండు. మేం కొన్ని శతాబ్దాలుగా బతికేస్తున్నామని నా అనుమానం. లేకపోతే వందేళ్ళకోసారి పడాల్సిన వానల్ని ఒక్క జన్మలో ఇన్నిసార్లు ఎలా చూస్తాం? 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను చూశాం. 2021లో గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటింది, ఇక్కడ ఎయిర్‌పోర్టులో నీళ్ళు నిలిచాయి. 2025లో మొంథా ఎక్కడో గోదావరి జిల్లాల వైపు దాటింది, దంచింది మాత్రం మమ్మల్ని కూడా. మధ్యలో పేరు పెట్టుకునే స్థాయికి ఎదగని అల్పపీడనాలు బోలెడు. వాన వెలిసిన మర్నాడు ఎవరో ఒక పెద్దసారు మైకు ముందుకొచ్చి అదే మాట అంటారు: "ఇది వందేళ్ళలో ఎన్నడూ చూడని వర్షమండీ. గ్లోబల్ వార్మింగ్. మన చేతుల్లో ఏముంది?" ఈ లెక్కన మా పక్కింటి ఎనిమిదేళ్ళ కుర్రాడికి రెండొందలు దాటాయి. వాడికింకా పాలపళ్ళే పూర్తిగా ఊడలేదు.

పెద్దసారు మునిగిన చోట్లు చూడ్డానికి బయల్దేరడం ఒక ఘట్టం. ముందు సిబ్బంది వెళ్ళి నీటి లోతు చూసొస్తారు. పాదం తడిస్తే ఫోటోలో బాగోదు, నడుం దాటితే సారుకి బాగోదు. మోకాలికి కాస్త కింద ఉండాలి. జ్ఞానాపురం చావులమదుం దగ్గర ఆ లోతు ఎప్పుడూ దొరుకుతుంది, వెతుక్కోనక్కర్లేదు. సారు కొత్త గమ్‌బూట్లు వేసుకుని దిగుతారు, కుడికాలి బూటుకి ధర స్టిక్కరు ఇంకా ఉంటుంది. ఒకాయన గొడుగు పడతాడు, ఒకాయన ఫోన్ పడతాడు, మూడో ఆయన మ్యాపు విప్పుతాడు. మ్యాపులో ఇక్కడో గెడ్డ, అంటే వాననీళ్ళు పోయే వాగు, ఉంది, నీలంగా, వెడల్పుగా, చూడముచ్చటగా ఉంది. సారు తల ఎత్తి చూస్తే మూడంతస్తుల మేడ, కింద సెల్‌ఫోన్ల షాపు. "గెడ్డేదయ్యా?" అంటారు. "ఇదేనండి. లోపల్నుంచి పోతుందండి," అని మేడ కింద కార్ల పార్కింగ్ చూపిస్తాడు మూడో ఆయన. సారు తల ఊపుతారు. పక్కన ఆటో అతను ఆటోని తోసుకుంటూ ఇద్దరినీ తప్పుకోమంటాడు. గ్యాస్ బండ నెత్తిన పెట్టుకుని ఒకామె ఎదురొస్తుంది. సారు ఆమెని ఆపి, కెమెరా కొంచెం ఇటు తిరిగాక, భూతాపం గురించి చెప్పడం మొదలుపెడతారు. ధ్రువాల దగ్గర మంచు కరుగుతోందనీ, సముద్రాలు వేడెక్కుతున్నాయనీ. ఆమె బండ దించకుండానే అంతా వింటుంది. విని, "అదేటో నాకు తెల్దు బాబూ. ఆ కల్వర్టులో పరుపు అడ్డం పడి ఉండిపోయింది, పోయినేడు కూడా చెప్పినాం. అది తీయించండి," అంటుంది.

వీడియోలో ఆ ముక్క ఉండదు. మంచు కరగడం దగ్గరే కట్ చేస్తారు.

నేను భూతాపం అబద్ధమనే బాపతు కాదు. ఆ బాపతు తెల్లారగట్ల బీచ్ రోడ్డులో చేతులూపుకుంటూ నడుస్తుంటుంది. "దివిసీమ ఉప్పెనని మించింది వచ్చిందేమిటోయ్?" అని అడుగుతుంది. 1977 నవంబరులో పదివేల మందికి పైగా పోయారు. ఇప్పుడు అంతమంది పోవడం లేదంటే తుఫాన్లకి బుద్ధొచ్చి కాదు, ఉపగ్రహాలూ రాడార్లూ హెచ్చరికలూ ముందే అంది జనాన్ని ఖాళీ చేయిస్తున్నారు కాబట్టి. ఈ వాకింగ్ మేధావుల గురించి ఇంతకంటే సిరా ఖర్చు పెట్టను.

నా గొడవ భూతాపాన్ని నమ్మేవాళ్ళతో. మరీ అంతగా నమ్మేవాళ్ళతో. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టుకోగల నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. బిందె పెద్దదయ్యాక వంపితే ఎక్కువ పడుతుంది, ఇందులో బ్రహ్మవిద్య లేదు. వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి కింద పనిచేసే నిపుణుల సంఘం ఐపీసీసీ 2021లో లెక్క కట్టి చెప్పింది. పారిశ్రామిక యుగానికి ముందు పదేళ్ళకోసారి వచ్చే భారీవాన, ప్రపంచం సుమారు ఒక డిగ్రీ వేడెక్కిన ఈ కాలంలో, నేలమీద సగటున 1.3 రెట్లు తరచుగా వస్తోంది. డిగ్రీన్నరకి 1.5 రెట్లు, రెండు డిగ్రీలకి 1.7. తుఫాన్ల విషయంలో వాళ్ళు మరింత జాగ్రత్తగా మాట్లాడారు. మొత్తం సంఖ్య పెరక్కపోవచ్చు, వచ్చినవాటిలో బాగా బలమైనవాటి వాటా, అవి కురిపించే వానా పెరుగుతాయన్నారు. అంతే. మన సార్ల ప్రసంగాల్లో ఉన్నంత ప్రళయం ఆ నివేదికలో లేదు.

1.3 రెట్లంటే, పదేళ్ళకోసారి మునిగే వీధి సుమారు ఏడున్నరేళ్ళకోసారి మునగాలి. మా వీధి ఏటా రెండుసార్లు మునుగుతోంది. ఆ మిగతా దూరం ఎవరి ఖాతాలో రాయాలి? ధ్రువపు ఎలుగుబంటి వచ్చి గెడ్డ మీద మేడ కట్టిందా? అందుకే నాకు ఒళ్ళు మండేది. ఇంకా తరచుగా వస్తాయి, కాలువలు చూసుకోండి అని శాస్త్రవేత్తలు ఇచ్చిన నోటీసునే పట్టుకొచ్చి, ఇదిగో నేను నిర్దోషినని చూపిస్తున్నారు.

వందేళ్ళకోసారి అంటే ఇంకో తొంభై తొమ్మిదేళ్ళు హాయిగా పడుకోవచ్చని కాదు. ఏ ఏడాదికాయేడు నూటికి ఒక వంతు అవకాశం ఉందని అర్థం. గెడ్డ పక్కన ఫ్లాట్ కొని ముప్పయ్యేళ్ళ లోన్ పెట్టుకున్నవాడికి, ఆ లోన్ తీరేలోగా అలాంటి వాన కనీసం ఒకసారి చూసే అవకాశం నూటికి 26 వంతులు. అదీ పాత వాతావరణం లెక్క ప్రకారం. బ్రోచర్‌లో 'లేక్ వ్యూ' అని రాసిన బిల్డరు ఒక్కడే నిజం చెప్పాడు. ఇక కొండల సంగతి ఎత్తితే వేరే వ్యాసం అవుతుంది. రుషికొండని తవ్వేసి, తవ్విన మేర ఆకుపచ్చ పట్టా కప్పిన ఊరు మాది. పచ్చదనం కావాలన్నారు, పరిచాం.

అసలు భూతాపం చేసిన నేరం వేరే ఉంది. దాని మీద ప్రెస్‌మీట్ ఉండదు. అదే ఐపీసీసీ నివేదికలో, ఆ వానల లెక్క పక్కనే, పదేళ్ళకోసారి వచ్చే మహా ఎండ ఇప్పుడు 2.8 రెట్లు తరచుగా వస్తోందని ఉంది. డిగ్రీన్నరకి 4.1 రెట్లు. వాన అంకె కంటే ఎంత పెద్దదో చూడండి. 2015 మేలో వడగాడ్పులకి దేశంలో రెండువేల మందికి పైగా చచ్చిపోయారు, అందులో అత్యధికులు ఆంధ్రా, తెలంగాణ వాళ్ళే. పైగా మాది సముద్రపు ఊరు. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది, ఇక్కడి ఉక్కలో చెమట ఆరదు, కారుతుంది. థర్మామీటరు 36 చూపిస్తుంటే కూడా మనిషి లోపల ఉడికిపోతాడు. ఎండకి ఫోటో రాదు. మోకాలి లోతు ఎండలో నిలబడ్డానికి గమ్‌బూట్లు లేవు. పోయినవాడు ఎండదెబ్బకే పోయాడని తహసీల్దారూ, ఎస్సై, డాక్టరూ ముగ్గురూ ఒప్పుకుంటేగానీ అది ఎండచావు కాదు. పోస్టుమార్టం కావాలి. ఇంట్లోవాళ్ళు ఏడుస్తూ ఆ పూటే దహనం చేసేస్తే, ఇక వాడు గుండె ఆగి పోయినట్టే. గుండె ఎవరికి ఆగదు? ఈ దరిద్రపు లెక్కలో వాన చంపినవాడు ప్రకృతి వైపరీత్యం, ఎండ చంపినవాడు ఎవడూ కాదు!

ఏటా మార్చిలో వేసవి ప్రణాళిక అని ఒక కాగితం వస్తుంది. చలివేంద్రాలు, మజ్జిగ, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎండలో పని చెయ్యొద్దని సలహా. మంచి సలహానే. ఆ మూడు గంటల కూలి ఎవరిస్తారో ఏ పేజీలోనూ లేదు. మధురవాడ వైపు కొత్త టవర్ దగ్గర తట్టలు మోస్తున్నవాళ్ళకి ఆ సలహా ఎవరూ చదివి వినిపించలేదు. మేస్త్రీని అడిగాను, పన్నెండింటికి ఆపమన్నారు కదా అని. అతను నావైపు జాలిగా చూశాడు.

"పొద్దున స్లాబు మొదలెట్టినాం సార్. మధ్యలో ఎవుడాపుతాడు?"