నల్ల టేపు గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ నల్ల ఇన్సులేషన్ టేపు గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. కానీ ఇక్కడ ఉభయులూ కుశలంగా లేరు. ఒకరు క్యాన్ హై, మరొకరు క్యాన్ లో: పొక్లెయిన్‌లోని కంట్రోలర్లు, అంటే చిన్న కంప్యూటర్లు, ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ నెట్‌వర్క్ తీగలు రెండు. ఒకరినొకరు పెనవేసుకుని బతకాల్సిన జంట. ఎవరో వాళ్లను తెంచి, వేళ్లతో మెలేసి, పైన తమరిని ఐదారు చుట్లు చుట్టి చేతులు దులుపుకున్నారు. సెకండ్ హ్యాండ్ పొక్లెయిన్ కొనేవాళ్లకు కొత్త రంగు కనబడుతుంది, కొత్త బకెట్ పళ్లు కనబడతాయి. క్యాబ్ ఫ్లోరు కింద బురదలో కొలువుతీరిన తమరు మాత్రం కనబడరు. బండి పనిలోకి దిగాక మానిటర్ మీద 'ఇంజిన్ కంట్రోలర్‌తో కమ్యూనికేషన్ లేదు' అని పడుతుంది. అప్పుడు కూడా జనం తమరిని తప్ప అందరినీ అనుమానిస్తారు. అదీ తమరి అదృష్టం.

ఆ అనుమానం ఎలా నడుస్తుందో తమరికి తెలియనిది కాదు. కోడ్‌లో ఏ కంట్రోలర్ పేరు ఉంటే దాన్ని విప్పి పారేస్తారు. ఎస్పీఎన్ (జబ్బు ఎక్కడో చెప్పే అంకె) 639, ఎఫ్ఎమ్ఐ (ఏ రకం జబ్బో చెప్పే అంకె) 9 అని కోడ్ పడిందనుకోండి. ప్రధాన నెట్‌వర్క్‌లో సందేశాలు రావాల్సిన వేళకు రావడం లేదని మాత్రమే దాని అర్థం. ఉత్తరం అందలేదని మొత్తుకున్నవాడి ఇంట్లోనే సోదా చేస్తే ఏం దొరుకుతుంది? అసలు చూడాల్సింది ఎవరు ఎవరి మీద ఫిర్యాదు చేస్తున్నారో. మానిటర్, పంప్ కంట్రోలర్ రెండూ కలిసి ఇంజిన్ కంట్రోలర్ ఒక్కదాని మీదే చెబుతుంటే ముందు దాని ఫ్యూజు, సప్లై, ఎర్త్, దానికి వెళ్లే కొమ్మ తీగ చూడాలి. అందరూ అందరి మీదా చెబుతుంటే జబ్బు నడివీధిలో, అంటే మెయిన్ లైన్‌లో ఉంది. గుంతలో పడ్డప్పుడు ఒకసారి, బూమ్ పైకెత్తినప్పుడు ఒకసారి కోడ్ వచ్చి పోతుంటే, అది తమరి సంతకమే.

ఇవేవీ చూడకుండా వేరే బండిలోంచి కంట్రోలర్ ఊడదీసి తెచ్చి బిగిస్తారు. దాని సాఫ్ట్‌వేర్ ఈ మోడల్‌ది కాకపోతే కొత్త కోడ్లు. దాని లోపల టెర్మినేషన్ రెసిస్టర్ (లైను చివర ఉండాల్సిన నిరోధకం) లేకపోతే ఇంకో జబ్బు. తమరు మాత్రం చల్లగా ఫ్లోరు కిందే ఉంటారు.

తమరి గుట్టు బయటపెట్టడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. మల్టీమీటర్ చాలు. తాళం ఆఫ్ చేసి, బ్యాటరీ ఐసొలేటర్ (బ్యాటరీని బండి నుంచి విడదీసే స్విచ్చు) ఆపి, కంట్రోలర్లు పూర్తిగా నిద్రపోవడానికి కొన్ని నిమిషాలు ఆగాలి. బండికి తొమ్మిది పిన్నుల గుండ్రటి డయాగ్నస్టిక్ సాకెట్ ఉంటే సాధారణంగా సి పిన్ను హై, డి పిన్ను లో. (సర్క్యూట్ డయాగ్రమ్‌తో సరిచూసుకోవాలి. రెండు మూడు నెట్‌వర్క్‌లున్న బండిలో ఆ సాకెట్ చూపించేది ఒకదాన్నే.) వాటి మధ్య 60 ఓంలు రావాలి. లైను రెండు చివర్లలో చెరో 120 ఓంల రెసిస్టర్ సమాంతరంగా ఉంటుంది కాబట్టి ఆ లెక్క. 120 వస్తే ఒక చివరి రెసిస్టర్ పోయింది, లేదా దారిలో తీగ తెగింది. 40 వస్తే ఎవరో మూడో రెసిస్టర్ చేర్చారు. సున్నాకు దగ్గరగా వస్తే హై, లో రెండూ ఎక్కడో అంటుకున్నాయి. అప్పుడు మీటర్ తగిలించి ఉంచి కంట్రోలర్ల ప్లగ్గులు ఒక్కొక్కటే ఊడదీస్తూ పోవాలి. ఏ ప్లగ్గు ఊడగానే అంకె లేస్తుందో దోషి ఆ వైపు.

60 వచ్చిందని సంబరపడటమూ తప్పే. కొమ్మ తీగ తెగినా మెయిన్ లైన్ 60 చూపిస్తూనే ఉంటుంది. తీగ బాడీకి అంటినా 60 మారకపోవచ్చు, అందుకే ఒక్కో తీగనూ ఛాసిస్‌తో విడిగా కొలవాలి. తర్వాత ఐసొలేటర్, తాళం ఆన్ చేసి వోల్టేజీ చూడాలి. మాటలు నడుస్తున్న లైనులో మీటర్ మీద హై సుమారు 2.6 నుంచి 2.8, లో 2.2 నుంచి 2.4 మధ్య ఉండి, రెండూ కలిపితే 5కు దగ్గరగా రావాలి. రెండూ 2.5 దగ్గర కదలకుండా కూర్చుంటే అక్కడ ఎవరూ మాట్లాడటం లేదు.

ఇంతకీ తమరి మీద ఇంత కోపం ఎందుకంటారా? 1986లో బాష్ కంపెనీ ఈ క్యాన్ పద్ధతిని లోకానికి చూపినప్పుడు అందులోని తెలివంతా రెండు తీగల మధ్య తేడాను చదవడంలో ఉంది. ఆల్టర్నేటర్ నుంచో సోలనాయిడ్ నుంచో వచ్చే విద్యుత్ రొద పెనవేసుకున్న తీగలు రెండింటి మీదా సమానంగా పడుతుంది, తేడా మారదు. తమరి కోసం ఒక జానెడు మేర మెలి విప్పితే ఆ సమానత్వం పోతుంది. సెకనుకు 2,50,000 బిట్లు పరుగెత్తే లైనులో ఒక్కో బిట్టు ఆయుష్షు 4 మైక్రోసెకన్లు; అంత చిన్న బిట్టును చెడగొట్టడానికి కాస్త రొద చాలు. పైగా వేడికి తమరి జిగురు కరిగి జారుతుంది, ప్రెషర్ వాషర్ నీళ్లు లోపలికి దూరుతాయి, రాగి పోగులకు చిలుము పట్టి ఇన్సులేషన్ లోపల్నుంచి పాకుతూ పోతుంది. పైకి చూస్తే మేడిపండు.

తమరి బంధువర్గం గురించి కూడా ఒక మాట. జీపీఎస్ ట్రాకర్ పెట్టడానికి తీగను కొరికి పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పు ఉంది చూశారూ, ఆయన తమరికి వేలువిడిచిన మేనమామ అవుతాడు. కొమ్మ తీగ ఒక మీటరు దాటకూడదంటే, ట్రాకర్ వైరు మూడు మీటర్లు మిగిలిందని చుట్ట చుట్టి సీటు వెనక దోపుతారు. ఇన్సులేషన్‌లో సూది గుచ్చి వోల్టేజీ చూసే అలవాటు తమరి చెల్లెలు. బ్యాటరీ తీగలు విప్పకుండా, కంట్రోలర్ల ప్లగ్గులు పీకకుండా బకెట్‌కు వెల్డింగ్ పెట్టే పుణ్యాత్ములు తమరి వియ్యాలవారు.

తమరిని పట్టుకునే చోట్లు కొన్నే. బూమ్ మొదలు, క్యాబ్ కింద హార్నెస్ (తీగల కట్ట) మలుపు, హైడ్రాలిక్ పంపు పక్క, బ్యాటరీ పెట్టె వెనక, క్లాంపు ఊడిపోయి తీగలు రాసుకునే ప్రతి అంచు. మీటర్‌ను కనిష్ఠ గరిష్ఠ రీడింగులు పట్టే పద్ధతిలో పెట్టి హార్నెస్‌ను జానెడు జానెడు కదిలిస్తే తమరే పలుకుతారు. సప్లై తీగలో దాక్కుంటే ఇంకో మందుంది: కంట్రోలర్ ప్లగ్గు తీసి, సప్లై పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ మధ్య 24 వోల్టుల 21 వాట్ల బల్బు వెలిగించడం. ఒక్క పోగు మిగిలిన తీగ కూడా కరెంటు దాదాపు లాగని మీటర్‌కు 24 వోల్టులు చూపించి మోసం చేస్తుంది, దాదాపు ఒక ఆంపియర్ లాగే బల్బు ముందు మాత్రం ఆ నాటకం సాగదు.

తమరి ఉద్యోగానికి వేరేవాళ్లను చూసుకున్నాం. అదే మందం తీగ, సరైన పనిముట్టుతో క్రింప్ చేసిన (నొక్కి బిగించిన) స్లీవు, లోపల జిగురున్న హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం). రెండు అతుకులూ పక్కపక్కన కాకుండా ముందూ వెనకగా, ఆ తర్వాత మళ్లీ మెలి. తమరికి పూర్తిగా అన్యాయం చేయం. హార్నెస్ గొట్టం చివర జారకుండా పైపైన రెండు చుట్లు వేసే పని ఇస్తాం.

ఇట్లు,
తమరి చుట్లు విప్పుతున్నవాళ్లు

తా.క.: క్యాబ్ కింద తమరిని తీసేసి అతుకు సరిచేశాక కూడా మీటర్ 120 దగ్గరే ఉంది. తమరి అన్నగారు బూమ్ మొదట్లో ఉన్నారా, పంపు పక్కన ఉన్నారా?